మీ కుక్క పేరేమిటి?

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

సంచికకు వ్యాసం ఇమ్మని మన విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నువ్వు సైన్సువాడివి, ఏ అణుశక్తి గురించో జన్యుశాస్త్రం గురించో రాయి" అన్నారు. వాటి మీద నాకంటే బాగా రాయగలవాళ్లు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను కుక్కల పేర్ల గురించి రాస్తానన్నాను. అదీ ఫ్రెంచి కుక్కల పేర్ల గురించి. సంపాదకుడు నా మొహంకేసి ఒకసారి చూసి, "సరే, పేజీలు ఖాళీగానే ఉన్నాయి, కానీయ్" అన్నాడు. కనుక ఈ వ్యాసం ఎందుకు పుట్టిందో ముందు మనవి చేసుకోవాలి.

డిగ్రీలో నా ద్వితీయ భాష ఫ్రెంచి. పల్లెటూళ్లో తెలుగు మీడియం చదివినవాడికి ఫ్రెంచి ఎందుకయ్యా అని అడగకండి. మార్కులు బాగా పడతాయని సీనియర్లు చెప్పిన మాట నమ్మి చేరాను. మొదటి సంవత్సరంలో ఒక పాఠం వచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వాళ్ల పేర్లేమిటి అని ఒకరినొకరు అడిగి చెప్పుకోవాలి. అందులో ఆఖరు ప్రశ్న, "మీ కుక్క పేరేమిటి?" ఒకడు టామీ అన్నాడు, ఇంకొకడు బ్రూనో అన్నాడు, ఒకమ్మాయి స్నూపీ అంది. నా వంతు వచ్చింది. మాకూ కుక్క ఉంది. పొలంలో పశువుల పాకను మా వైపు మకాం అంటారు. ఆ మకాం దగ్గర రాత్రంతా కాపలా కాస్తుంది. కాని దానికి పేరు లేదు. వచ్చీరాని ఫ్రెంచిలో ఆ మాటే చెప్పాను. క్లాసంతా గొల్లుమంది.

నవ్వనిది మేడమ్ ఒక్కరే. "మీ ఎద్దులకు పేర్లున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "ఆవులకు?" ఉన్నాయండి అన్నాను. "మరి కుక్కకెందుకు లేదు?" నా దగ్గర జవాబు లేదు. "సరే, ఫ్రెంచివాళ్లు కుక్కలకు ఏ పేర్లు పెడతారో, ఎందుకు పెడతారో చూసి వచ్చి ఒకరోజు క్లాసులో చెప్పు" అన్నారు. శిక్షలాగా మొదలైన ఆ పని ద్వితీయ భాష పేపర్లు అయిపోయినా నన్ను వదల్లేదు. పేర్లు వెతుకుతూ పోతే కుక్కల సంగతి కొంతే తెలిసింది, పెట్టిన మనుషుల సంగతి ఎక్కువ తెలిసింది. అదే ఇక్కడ చెప్పబోతున్నాను.

ముందు మాట సంగతి

ఫ్రెంచిలో కుక్కను 'షియాఁ' అంటారు. చివర ముక్కుతో పలకాలి. లాటిను 'కానిస్' నుంచి వచ్చిన మాట అది. మన 'శునకం' సంస్కృత 'శ్వన్' నుంచి వచ్చింది. భాషాశాస్త్రజ్ఞులు చెప్పేదేమిటంటే కానిస్, శ్వన్ రెండూ ఒకే మూలానికి పుట్టిన బిడ్డలు. అంటే ఫ్రెంచి షియాఁకీ మన శునకానికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట. మన 'కుక్క' మాత్రం ఆ బంధువర్గంలోకి రాదు, అది ద్రావిడ పదం.

పిల్లలు కుక్కను ముద్దుగా 'తూతూ' అంటారు. కాస్త మోటుగా 'క్లెబ్' అంటారు. ఇది అరబ్బీ 'కల్బ్', అల్జీరియాలో ఉన్న సిపాయిల నోళ్ల మీదుగా ఫ్రాన్సుకు చేరింది. కోపం వచ్చినప్పుడు అనే మాట ఇంకా తమాషాగా ఉంటుంది. 'నోఁ దాఁ షియాఁ' అంటారు, అంటే 'కుక్క పేరు!' అని. దేవుడి పేరు పట్టుకుని తిట్టడం పాపం గనుక దేవుడి చోట కుక్కను పెట్టుకున్నారు. ఎండాకాలంలో వడగాడ్పులు వస్తే వాళ్ల పత్రికలు 'కనిక్యుల్' అని రాస్తాయి. ఆ మాటకు మూలార్థం 'ఆడకుక్క పిల్ల'. మనం లుబ్ధకం అనే సిరియస్ నక్షత్రానికి రోమనులు పెట్టుకున్న పేరది. ఆ నక్షత్రం సూర్యుడితోపాటు ఉదయించే రోజులే వాళ్లకు మండుటెండల రోజులు. ఒక కుక్క పేరు ఆకాశానికి పోయి, అక్కడినుంచి వాతావరణ వార్తల్లోకి దిగింది.

ఫ్రెంచి టామీ

మనకు టామీ ఎలాగో ఫ్రెంచివాళ్లకు 'మేడోర్' అలాగ. నిజంగా ఆ పేరున్న కుక్కలు ఇప్పుడు అరుదే గాని, కుక్క అనగానే నోటికొచ్చే పేరు మాత్రం అదే. నేను మొదట ఇదేదో కుక్క అరుపును బట్టి వచ్చిందనుకున్నాను. కాదు. ఇటలీ కవి అరియోస్తో 1516లో అచ్చువేసిన 'ఓర్లాందో ఫురియోసో' అనే పెద్ద కావ్యంలో మెదోరో అనే యువ సైనికుడున్నాడు. అతని రాజు యుద్ధంలో చనిపోతాడు. శవం శత్రువుల మధ్య పడివుంటుంది. మెదోరో, అతని స్నేహితుడు రాత్రివేళ ప్రాణాలకు తెగించి ఆ శవాన్ని తేవడానికి పోతారు. స్నేహితుడు చనిపోతాడు, మెదోరో గాయపడి పడిపోతాడు. ఆ తరువాత అతనికి ఒక రాకుమారి దొరుకుతుంది, అది వేరే కథ. చచ్చిపోయిన యజమానిని కూడా వదలని ఆ సైనికుడి పేరును ఫ్రెంచివాళ్లు కుక్కకు పెట్టుకున్నారు. విశ్వాసానికి ఇంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలి?

1830 జూలైలో పారిస్‌లో విప్లవం వచ్చింది. మూడు రోజుల పోరాటంలో లూవ్ర్ రాజభవనం దగ్గర చనిపోయినవాళ్లను అక్కడే పాతిపెట్టారు. వాళ్లలో ఒకతని కుక్క సమాధిని వదిలి పోలేదు. జనం వచ్చి చూసేవారు, తిండి పెట్టేవారు. కసిమీర్ దెలావీఞ్ అనే కవి దానిమీద పద్యం రాశాడు. దాన్ని అందరూ మేడోర్ అన్నారు. పేరు ముందా, ఆ గుణం ముందా అనిపిస్తుంది ఇలాంటివి చదివితే.

మేడోర్‌కు తమ్ముడి వరస 'అజోర్'. 1771లో గ్రేత్రీ కూర్చిన 'జెమీర్ ఎ అజోర్' అనే సంగీతనాటకం ఫ్రాన్సులో బాగా ఆడింది. సుందరి, మృగం కథ అది. అందులో మృగం పేరు అజోర్. పైకి భయంకరంగా ఉన్నా మనసు మంచిది. నాటకం మరిచిపోయినా కుక్కల మెడలో ఆ పేరు చాలాకాలం నిలిచింది. మనవాళ్లు సినిమా హీరోల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం లేదూ, అదీ అంతే.

రాజుగారి వేటకుక్కలు

పద్నాలుగో లూయీకి వేటకుక్కలంటే ప్రాణం. దెపోర్త్ అనే చిత్రకారుడి చేత తన కుక్కల బొమ్మలు వేయించి మార్లీ భవనంలో పెట్టించాడు. 1702 నాటి ఆ బొమ్మల మీద ఏ కుక్క పక్కన దాని పేరు బంగారు అక్షరాలతో రాసి ఉంటుంది. ఒక బొమ్మలో మూడు ఆడకుక్కలు, వాటి పేర్లు బొన్, నొన్, పొన్. బొన్ అంటే మంచిది, నొన్ అంటే క్రైస్తవ సన్యాసిని. ఆ మూడూ ఒకే ప్రాసలో ఉండటం రాజుగారి సరదా అయ్యుండాలి. ఇంకో బొమ్మలో దియాన్, బ్లోంద్. దియాన్ రోమనుల వేటదేవత, బ్లోంద్ అంటే పచ్చని ఒంటిరంగుది. ఇంకొక దాని పేరు ఫొల్, అంటే పిచ్చిది. ఆ రోజుల్లో దేశంలో లక్షలమంది రైతులు ఏ చిత్రంలోనూ లేకుండా, ఏ అక్షరంలోనూ లేకుండా పుట్టి పోయారు. కుక్కల పేర్లు మాత్రం బంగారంలో మిగిలాయి. దాన్ని తప్పు పట్టాలో మెచ్చుకోవాలో తెలియక నేను ఆ బొమ్మను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మామూలు వేటగాళ్ల కుక్కల పేర్లు వేరు. వాటికి 'ఓ' అనే చివరి శబ్దం తరచు ఉంటుంది. మిరో, బ్రిఫో, రుస్తో. ఈ మూడు పేర్లూ లా ఫొంతేన్ రాసిన ఒక నీతికథలో కుందేలును తరిమే కుక్కలకు వస్తాయి. మిరో అంటే గురిచూసేవాడు. బ్రిఫో అంటే ఆబగా మింగేవాడు. రుస్తో అంటే పల్లెటూరి మోటువాడు. అడవిలో దూరంనుంచి కేక వేసి పిలవాలంటే పేరు రెండక్షరాలుండాలి, చివర నోరు బాగా తెరుచుకునే అచ్చు ఉండాలి. మా వైపు కూడా చేను అవతలినుంచి పిలిస్తే ఎవరి పేరైనా 'ఓ'తోనో 'ఏ'తోనో ముగుస్తుంది గదా.

మిరో అన్న పేరుతో 1913లో లూయీ పెర్గో అనే బడిపంతులు ఒక నవలే రాశాడు. పల్లెలో ఒక వేటగాడు, వాడి కుక్క. కుక్క వల్ల తగాదాలు, జరిమానాలు, ఇంట్లో ఆడమనిషి సణుగుడు. చివరికి విసిగి అమ్మేస్తే అది తిరిగి వస్తుంది. చదువుతుంటే ఫ్రాన్సులో ఉన్నట్టుండదు, మా ఊరి రావిచెట్టు కింద ఉన్నట్టుంటుంది. పెర్గో 1915లో యుద్ధంలో చనిపోయాడు.

వంటింటి కుక్క, కోర్టు కుక్క

లా ఫొంతేన్‌దే ఇంకో కథ ఉంది, 1678లో వచ్చిన సంపుటంలోది. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. మంచి జాతికి పుట్టిన ఇద్దరు అన్నదమ్ములైన కుక్కలు చెరొక యజమాని చేతిలో పడతాయి. ఒకటి అడవికి పోయి వేట నేర్చుకుంటుంది. దానికి 'సేజార్' అని పేరు వస్తుంది, అంటే సీజర్ చక్రవర్తి. రెండోది వంటింట్లో ఎంగిలి తింటూ పెరుగుతుంది. వంటకుర్రాడు దానికి 'లారిదోఁ' అని పేరు పెడతాడు. ఆ పేరులో పందికొవ్వు వాసన వస్తుంది. పుట్టినప్పుడు ఇద్దరికీ వేరే పేర్లే ఉండేవి. పెంపకం మారేసరికి పేర్లు మారాయి. సేజార్ వంశం గొప్పదైంది. లారిదోఁ సంతానం మాంసం కాల్చే ఇనుప చువ్వను తిప్పే కుక్కలైపోయింది. అలాంటి కుక్కలు యూరప్ వంటిళ్లలో నిజంగానే ఉండేవి, చక్రంలో నడుస్తూ చువ్వను తిప్పేవి.

జన్యుశాస్త్రం చదివేవాణ్ణి గనుక ఈ కథ మీద నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. పెంపకం వల్ల వచ్చిన సోమరితనం పిల్లలకు అలాగే దిగదు. కాని అసలు విషయం అది కాదు. ఒక ప్రాణిని ఏ పేరుతో పిలుస్తామో దాన్నిబట్టే దాని దగ్గర ఏం ఆశిస్తామో తెలుస్తుంది. మా హైస్కూల్లో ఒక కుర్రాడిని మాస్టారు రోజూ 'మొద్దు' అని పిలిచేవారు. వాడు పదో తరగతి పరీక్షకు కూడా కూర్చోలేదు. లారిదోఁ కథ చదివినప్పుడు నాకు వాడే గుర్తొచ్చాడు.

నవ్వించే కుక్క కూడా ఒకటుంది. విషాదనాటకాలకు పేరుపడ్డ రసీన్ 1668లో ఒకే ఒక హాస్యనాటకం రాశాడు, 'లె ప్లెదర్', అంటే కోర్టుపక్షులు. అందులో ఒక జడ్జీకి తీర్పు చెప్పే పిచ్చి పట్టుకుంటుంది. ఇంట్లోంచి బయటికి పోకుండా కొడుకు ఇంట్లోనే ఒక కేసు పెడతాడు. ముద్దాయి ఇంటి కుక్క. నేరం కోడిపుంజును తినడం. దాని పేరు 'సిత్రోఁ', నిమ్మకాయ. వకీళ్లు గంభీరంగా వాదిస్తారు. చివరికి జడ్జీ మనసు కరగడానికి దాని పిల్లలను, తండ్రి దిక్కులేని అనాథలన్నట్టు, కోర్టులో ప్రవేశపెడతారు. నిమ్మకాయ అన్న పేరు పెట్టిన కుక్క బోనులో నిలబడితే అవతల వకీలు ఎంత గట్టిగా వాదించినా నవ్వే వస్తుంది. ఆ నవ్వులో సగం ఆ పేరుదే.

పేరులో ఎత్తిపొడుపు

సుల్తాన్, పాషా, నెరోన్, ప్రాఁస్ అంటే యువరాజు, మార్కీ అంటే జమీందారు. ఇలాంటి పేర్లు ఫ్రెంచి కుక్కలకు చాలా ఉన్నాయి. మనకూ రాజా అనే పేరు ప్రతి ఊరి కుక్కకూ ఉన్నదే. ఇంట్లో రాజు అయితే గౌరవం, కుక్క రాజు అయితే వెక్కిరింత. ఏది ఏదో పెట్టినవాడికే తెలియాలి.

విక్టర్ హ్యూగోకు మాత్రం బాగా తెలుసు. మూడో నెపోలియన్‌ను ఎదిరించి దేశం విడిచి గెర్న్సీ ద్వీపంలో ఉన్న రోజుల్లో ఆయన దగ్గరున్న కుక్క పేరు 'సేనా'. మన సేన కాదు, సెనేటు అని అర్థం. ఆ చక్రవర్తి చెప్పినదానికల్లా తోక ఊపే సభ పేరు అది. రోజూ ఆ పేరుతో కుక్కను పిలవడం కంటే పెద్ద రాజకీయ వ్యాసం అక్కర్లేదు.

అసలు నెపోలియన్‌కూ ఒక కుక్క బాధ ఉంది. ఆయన పెళ్లాడిన జోసెఫీన్‌కు 'ఫోర్త్యునే' అనే పొట్టి ముక్కు కుక్క ఉండేది. ఫోర్త్యునే అంటే అదృష్టవంతుడు. 1796లో పెళ్లిరాత్రి మంచం మీద చోటు వదలకపోగా కొత్త పెళ్లికొడుకు కాలు కరిచిందట. పాపం, అదృష్టం ఎక్కువకాలం నిలవలేదు. ఇటలీలో వంటవాడి కుక్కతో పోట్లాటకు పోయి చచ్చిపోయింది.

ఇంకో పేరు మన హైదరాబాదు పాఠకులకు ఆశ్చర్యంగా ఉంటుంది, 'మిర్జా'. పారసీకంలో 'అమీర్', 'జాదా' కలిసి 'మిర్జా', అంటే ప్రభువు కొడుకు. మన చరిత్ర నిండా ఆ బిరుదున్న పెద్దలున్నారు. ఫ్రాన్సులో అది ఆడకుక్క పేరైంది. 1965లో నినో ఫెరేర్ అనే గాయకుడు తప్పిపోయిన తన కుక్కను వెతుకుతూ పాడిన పాట పేరు మిర్జా, అది దేశమంతా మోగింది. ఒక మాట దేశం దాటితే దాని లింగం, హోదా, జాతి అన్నీ మారిపోవచ్చు.

రైతు కుక్క

ఇక నాకు దగ్గరి సంగతికి వస్తాను. ఫ్రెంచి రైతులు పెట్టే పాత పేర్లు చూస్తే మనవాళ్లే పెట్టారేమో అనిపిస్తుంది. నల్లగా ఉంటే 'న్వారో', అంటే నల్లోడు. తెల్లగా ఉంటే 'బ్లాన్షెత్', తెల్లది. ఎర్రగా ఉంటే 'రూసెత్'. మేం ఎద్దుల్ని కర్రోడు, పుల్లోడు, బొల్లోడు, మైలోడు అంటాం. ఒంటిరంగే పేరు. మనకీ వాళ్లకీ తేడా ఒకటే, మేం ఎద్దు దగ్గర ఆగిపోయాం, వాళ్లు కుక్క దాకా వెళ్లారు.

కొన్ని పేర్లు గుణాన్ని బట్టి. చురుకైన ఆడకుక్క 'ఫినెత్', దొంగబుద్ధిది 'ఫిలూ', కొంటెది 'కొకాఁ'. పెద్ద పాదాలతో తడబడుతూ నడిచే కుక్కపిల్ల 'పాతో'. ఆ మాట తరువాత మొద్దు నడక మనిషికీ వాడుకైంది. పట్నం కుక్కలకు తిండి పేర్లు ఎక్కువ. 'కనెల్' అంటే దాల్చినచెక్క, 'రెగ్లీస్' అంటే అతిమధురం, 'నువాజెత్' ఒక రకం గింజ, 'కారమెల్' చెప్పనక్కర్లేదు. ఇవన్నీ రంగులే. కడుపునిండినవాడికి గోధుమరంగు చూస్తే దాల్చినచెక్క గుర్తొస్తుంది, కష్టపడేవాడికి మట్టి గుర్తొస్తుంది, అంతే.

పిరెనీ కొండల్లో గొర్రెల మందల దగ్గర పెద్ద తెల్లని కుక్కలుంటాయి. వాటిని 'పాతూ' అంటారు. గొర్రెలకాపరి అనే మాటలోంచి వచ్చిన పేరది. తోడేళ్లు, ఎలుగుబంట్లు వస్తే ఎదురు నిలబడేవి అవి. పుట్టినప్పటినుంచి గొర్రెల మధ్యనే పెంచుతారు, అవి మందను తమ ఇంటివాళ్లు అనుకుంటాయి. ఇక్కడ కుక్క పేరూ మనిషి వృత్తీ ఒకటైపోయాయి. ఇంతకన్న గౌరవం ఏముంది?

ఏడాదికో అక్షరం

ఇప్పుడు చెప్పబోయేది లెక్కలవాళ్లకు నచ్చుతుంది. ఫ్రాన్సులో జాతికుక్కల వంశావళి పుస్తకం ఒకటుంది, 1885లో మొదలైంది. పాస్టర్ మొదటిసారి కుక్క కరిచిన పిల్లవాడికి టీకా వేసిందీ ఆ సంవత్సరమే. ఆ పుస్తకంలో ఎక్కే కుక్కలకు 1926 నుంచి ఒక నియమం వచ్చింది. ఏ ఏడాది పుట్టిన కుక్కలన్నిటికీ ఆ ఏడాదికి కేటాయించిన అక్షరంతోనే పేరు మొదలవ్వాలి. 1973 నుంచి కె, క్యూ, డబ్ల్యు, ఎక్స్, వై, జెడ్ అనే ఆరు అక్షరాలను తీసేశారు, వాటితో పేర్లు దొరకడం కష్టమని. మిగిలినవి ఇరవై. కాబట్టి ఇరవై ఏళ్లకోసారి చక్రం తిరుగుతుంది. 1985, 2005, 2025 మూడూ ఎ సంవత్సరాలే. 2006 బి, 2007 సి, అలా పోతుంది. పుట్టిన ఏడులోంచి 2005 తీసేసి, ఇరవైతో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి అక్షరం చెప్పెయ్యొచ్చు. పేరు వింటే వయసు తెలిసిపోతుంది. మన దగ్గర పళ్లు పట్టుకు చూస్తే గాని ఎద్దు వయసు తెలియదు, వాళ్లు పేరు పట్టుకు చూస్తారు.

ఎద్దు మాట వచ్చింది గనుక ఇంకొకటి. అదే అక్షరక్రమం అక్కడి ఆవుల పేర్లకూ నడుస్తుంది. ఏటా పారిస్‌లో జరిగే పెద్ద వ్యవసాయ ప్రదర్శనకు ఒక ఆవు బొమ్మను గుర్తుగా పెడతారు. 2022లో ఆ ఆవు 'నేజ్', అంటే మంచు. ఎన్ అక్షరం గనుక 2017లో పుట్టింది. 2023లో 'ఓవాలీ'. కోలగా ఉండే బంతితో ఆడే రగ్బీ లోకానికి ఆ పేరు. ఓ అక్షరం, 2018 పుట్టుక. ఈ పేర్లు చూసి మా నాన్నతో చెబితే, "మన గౌరి ఏ ఏడు పుట్టిందో నాకు అక్షరం లేకుండానే తెలుసు" అన్నాడు. అదీ నిజమే.

జాతికుక్కలకే ఈ నియమం గట్టిగా ఉన్నా, నాటుకుక్కల యజమానులు కూడా చాలామంది దీన్నే పాటిస్తారు. అధ్యక్షుడు మక్రోఁ 2017 ఆగస్టులో దిక్కులేని జంతువుల ఆశ్రమం నుంచి ఒక నల్ల కుక్కను తెచ్చుకుని 'నెమో' అని పేరు పెట్టాడు. జూల్ వెర్న్ నవలలో సముద్రం అడుగున తిరిగే కెప్టెన్ పేరు. లాటినులో దానికి 'ఎవడూ కాదు' అని అర్థం. ఎవరికీ అక్కర్లేని కుక్కకు సరిపోయిన పేరే. అంతకు ముందు 2014లో అధ్యక్షుడు ఓలాఁద్ ఇంటికి వచ్చిన కుక్కపిల్ల పేరు 'ఫిలే'. ఆ నవంబరులోనే 67పి అనే తోకచుక్క మీద దిగిన యంత్రం పేరది. నేను సైన్సువాణ్ణని నిరూపించుకోవడానికి ఈ ఒక్క ముక్క చాలనుకుంటాను.

బొమ్మల కథల నుంచి

బొమ్మల కథలవాళ్లు పెట్టిన పేర్లు కూడా కొన్ని చెప్పాలి. తెలివైన పేరు 'ఇదెఫిక్స్'. గోసినీ, ఉదెర్జో తయారుచేసిన ఆస్తెరిక్స్ కథల్లో లావుపాటి ఓబెలిక్స్ వెంట తిరిగే చిన్న తెల్లకుక్క అది. మొదట పేరు లేకుండానే కథలోకి వచ్చింది. పత్రికలో పాఠకులకు పోటీ పెట్టి పేరు తీసుకున్నారు. 'ఇదె ఫిక్స్' అంటే మనసులోంచి పోని ఒకే ఒక ఆలోచన. ఆ కుక్కకు చెట్టు నరికితే ఏడుపొస్తుంది, అదే దాని ఇదె ఫిక్స్.

రెండో పేరు 'రిన్‌టిన్‌టిన్'. 1918లో లొరేన్ ప్రాంతంలో యుద్ధంలో పాడుబడ్డ చోట ఒక అమెరికను సైనికుడికి కుక్కపిల్లలు దొరికాయి. ఫ్రెంచి పిల్లలు సైనికులకు రక్షగా ఇచ్చే నూలుబొమ్మల పేర్లు నెనెత్, రిన్‌టిన్‌టిన్. ఆ పేర్లే రెండు పిల్లలకు పెట్టాడు. రిన్‌టిన్‌టిన్ హాలీవుడ్‌లో తారైంది. దాని సమాధి పారిస్ పక్కన ఆస్నియేర్‌లో, 1899లో పెట్టిన జంతువుల శ్మశానంలో ఉంది.

మా తాతయ్య చెప్పింది

ఇవన్నీ చేరేశాక కిందటి వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లాను. మాది యానాం దగ్గర పల్లె. 1954 దాకా యానాంలో ఫ్రెంచివాళ్ల పాలన ఉండేది. అయినా మా ఊరి కుక్కల పేర్లలో ఫ్రెంచి వాసన ఏమీ మిగలలేదు. ఒక రాత్రి మకాం దగ్గర మంచం మీద పడుకుని తాతయ్యకు మేడోర్ కథ చెప్పాను. లూవ్ర్ దగ్గర సమాధిని వదలని కుక్క కథ. మన కుక్కకు పేరెందుకు లేదు తాతయ్యా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు.

"ఉండేదిరా. కర్రోడు అనేవాణ్ణి. తొంభయ్యారు తుపానునాడు మకాం దగ్గరే ఉంది."

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన ఆ తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. నేనప్పటికి పుట్టలేదు. మా ఇంట్లో దాని గురించి ఎప్పుడూ కొబ్బరిచెట్ల లెక్కే చెబుతారు, ఎన్ని పడ్డాయి, ఎన్ని నిలిచాయి అని.

"తెల్లారేసరికి పాక లేదు, గొడ్లు లేవు. గట్టు మీద నిలబడి కర్రోడా, కర్రోడా అని రెండు కేకలేశాను. అవతల గట్టు మీద ఒకావిడ కూతుర్ని పేరు పెట్టి పిలుస్తోంది. ఇవతల ఒకాయన వాళ్ల నాన్నను పిలుస్తున్నాడు. వాళ్ల మధ్య నేను కుక్కను పిలుస్తున్నాను. సిగ్గేసి నోరు మూసుకున్నాను. మూడో కేక వేస్తే వినపడేదేమో. ఇప్పటికీ ఆ అనుమానం పోలేదురా. అందుకని మళ్లీ దేనికీ పేరు పెట్టలేదు."

నేనేమీ అనలేకపోయాను. కాసేపటికి ఆయనే, "మీ ఫ్రెంచి కథలో కుక్క కాసింది" అని అటు తిరిగి పడుకున్నాడు.

క్లాసులో పేరు లేదని చెప్పినప్పుడు నేను సిగ్గుపడ్డాను. మా వాళ్లకు నాగరికత తెలియక పెట్టలేదనుకున్నాను. పేరు విలువ తెలియక కాదు, తెలిసినందువల్లే పెట్టలేదని అప్పుడు తెలిసింది. బంగారు అక్షరాలతో రాయించిన రాజుకూ, పేరు పెట్టడానికి భయపడ్డ రైతుకూ మధ్య నాకు ఇప్పుడు పెద్ద తేడా కనపడటం లేదు. ఇద్దరికీ తెలుసు, పేరు పెట్టాక అది ఊరికే కుక్క కాదని.

మర్నాడు చెల్లీ నేనూ లెక్క వేశాం. మా కుక్క నేను డిగ్రీలో చేరిన ఏడు, 2023లో, గడ్డివాములో పుట్టింది. ఫ్రెంచి లెక్కన 2023కు యు అక్షరం. అక్కడ ఆ ఏడు చాలా కుక్కలకు 'యులీస్' అని పెట్టుకున్నారు, గ్రీకు కావ్యంలో ఇరవై ఏళ్లకు ఇల్లు చేరిన వీరుడి పేరు. మా కుక్క వీరత్వం వేరు. దూరంగా ట్రాక్టరు వస్తే లోకం దద్దరిల్లేట్టు మొరుగుతుంది, దగ్గరకు వస్తే తాతయ్య మంచం కిందకు దూరుతుంది. చెల్లి ఆలోచించనే లేదు. "ఉత్తరుడు" అంది. విరాటపర్వంలో గోవుల్ని విడిపిస్తానని బయలుదేరి కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తిన ఉత్తరకుమారుడు. అక్షరం కూడా కలిసింది. తాతయ్య నవ్వాడు గాని ఆ పేరు నోట పలకలేదు.

సెలవులైపోయి బస్సుకు బయలుదేరుతుంటే చేలగట్టు అవతలినుంచి కేక వినపడింది. "ఉత్తరోయ్! ఒరేయ్ ఉత్తరా!" రెండుసార్లు పిలిచాడు. ఆగి, మూడోసారి కూడా పిలిచాడు.

మేడమ్‌గారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక చూస్తే తెలుస్తుంది.